గిటార్ వాయించేవాళ్ళ బాంజో: ఆరు నెలల కొలతల డైరీ

నవంబర్ 14

నిన్న సాయంత్రం వానలో పెట్టె వచ్చింది. తిరుపతిలో ఈ నెల వాన పట్టుకుంటే మూడు రోజులు వదలదు, అందుకని రాత్రంతా తెరవకుండా ఫ్యాను కింద ఉంచి, పొద్దున కాఫీ తాగాక తెరిచాను. ఆరు తీగల బాంజో. 16,400 రూపాయలు. మూడు నెలలుగా డబ్బు పక్కన పెట్టుకుంటూ వచ్చి కొన్నాను కాబట్టి దీని సంగతి పూర్తిగా తేల్చుకునేదాకా రాస్తూనే ఉంటాను.

ముందు ఇదేమిటో చెప్పాలి. ఊళ్ళో వాద్యాల అంగట్లో బాంజో అని అడిగితే టైపు మిషన్ లాగా మీటలుండే బుల్‌బుల్ తరంగ్ తీసి చూపించారు. వాళ్ళ తప్పు లేదు, మన దేశంలో చాలాచోట్ల దాన్నే బాంజో అంటారు. అది జపాన్‌లో 1912లో పుట్టిన తైషోగోటో నుంచి వచ్చిన వాద్యం. నేను కొన్నది వేరు. డప్పు లాంటి గుండ్రటి మూత మీద తీగలు లాగి కట్టే అమెరికా బాంజో, కానీ దానికి గిటార్ నెక్ తగిలించినది. అమెరికా అన్నానే గానీ దాని వేళ్ళు పశ్చిమ ఆఫ్రికావి. అక్కడినుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు కరేబియన్ దీవుల్లో, అమెరికాలో సొరకాయ బుర్రకు తోలు బిగించి చేసుకున్న వాద్యమే తర్వాత ఇట్లా మారింది.

మామూలు బాంజోకు ఐదు తీగలు. ఐదోది పొట్టిది, నెక్ మధ్యలో ఐదో మెట్టు దగ్గర మొదలవుతుంది, పై స్థాయిలో ఒకే స్వరం పలుకుతూ ఉంటుంది. వీణలో పక్కన తాళం తీగలు ఎట్లా మోగుతుంటాయో దాదాపు ఆ పని. అమెరికా బాంజో విద్వాంసుడు ఎర్ల్ స్క్రగ్స్ మూడు వేళ్ళతో వాయించిన ఆ గలగల అంతా ఆ పొట్టి తీగ వల్లే సాధ్యం. ఆరు తీగలదానిలో అది లేదు. శ్రుతి అచ్చం గిటార్‌దే, ఈ, ఏ, డీ, జీ, బీ, ఈ. గిటార్ వచ్చినవాళ్ళు చేతికి తీసుకున్న రోజే కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుత్తులు, పట్టుకోవచ్చు. అందుకే చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు, నాకు ఆ చూపు నచ్చదు. 1925లో షికాగోలో జాజ్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం హాట్ ఫైవ్ రికార్డులు మొదలైనప్పుడు జానీ సెంట్ సిర్ వాయించింది ఇట్లాంటి ఆరు తీగల బాంజోనే. జాజ్ గిటార్ విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్ కూడా గిటార్ కంటే ముందు బాంజో-గిటార్‌తోనే మొదలుపెట్టాడు.

చేతిలోకి తీసుకోగానే అనిపించింది బరువు. వంటింటి త్రాసు మీద 4 కిలోల 150 గ్రాములు. పాలిష్ బాగుంది, మెట్ల మధ్య ముత్యపు చిప్ప లాంటి పూలు మెరుస్తున్నాయి. శ్రుతి చేసి ఒక జీ కార్డు వాయించాను. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంది. పై తీగలు గీమంటున్నాయి, కింది ఈ తీగ బుస్సుమని చచ్చిపోతోంది, ఎక్కడో ఏదో వదులుగా గణగణమంటోంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

నవంబర్ 15

రాత్రి నిద్ర పట్టక ఒక పని చేశాను. నోటుపుస్తకంలో పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు నేను మార్చగలిగినవి, కుడివైపు మార్చలేనివి రాశాను. తీగలు, బ్రిడ్జి (మూత మీద తీగలను మోసే చెక్కముక్క), మూత బిగువు, నట్ (తల దగ్గర తీగలు కూర్చునే ముక్క) గాళ్ళు ఎడమవైపు. మెట్లు సరైన దూరంలో ఉన్నాయా, నెక్ మెలి తిరిగిందా, రిమ్ము, అంటే మూత బిగించే చట్రం, గుండ్రంగా ఉందా, నెక్ రిమ్ముకు పూర్తిగా ఆనుతోందా అనేవి కుడివైపు. నెక్ ఆనడం ఒక్కటే రెండు వైపులకీ మధ్యలో పడింది. కుడివైపు బాగుంటే ఈ వాద్యం మంచిది, నిన్నటి రేకు డబ్బా చప్పుడు సంగతి తర్వాత చూసుకోవచ్చు. కుడివైపు చెడితే చిలకలాగా పలికినా వెనక్కి పంపేయాలి. అమ్మినవాళ్ళు వాపసుకు పది రోజులు గడువిచ్చారు కాబట్టి కుడివైపే ముందు.

మెట్లతో మొదలుపెట్టాను. నట్ నుంచి పన్నెండో మెట్టుకు స్టీలు స్కేలుతో 318 మిల్లీమీటర్లు వచ్చింది. పన్నెండో మెట్టు తీగకు సరిగ్గా సగం కాబట్టి మొత్తం పొడవు 636. దీన్ని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు ఎక్కడుండాలో వస్తుంది, 35.7. మిగిలిన పొడవును మళ్ళీ అదే అంకెతో భాగిస్తే రెండోది, అట్లా పోతూనే ఉండాలి. లెక్క ప్రకారం ఐదోది 159.5 దగ్గర, ఏడోది 211.5 దగ్గర రావాలి. కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటే కొలిచాను, అన్నీ అర మిల్లీమీటరు లోపలే ఉన్నాయి. నా స్కేలుతో అంతకంటే సూక్ష్మంగా చూడలేను, చూడాల్సిన అవసరమూ లేదు. ఇవాళ కాస్త సంతోషంగా ఉంది.

ఇక రిమ్ము. వెనక చెక్క గిన్నె, అంటే రెజొనేటర్, నాలుగు మరలు విప్పితే ఊడొచ్చింది. లోపల పొరలు పొరలుగా అతికించిన చెక్క రిమ్ము, దాని చుట్టూ మూతను లాగి పట్టే 24 హుక్కులు. లోపల ఒకచోట జిగురు కారి గడ్డకట్టింది, చూడ్డానికి బాలేదు గానీ దానివల్ల నష్టం లేదు. అడ్డంగా, నిలువుగా, ఐమూలగా కొలిచాను: 279, 279.5, 278.5. పదకొండు అంగుళాల మూతకు ఇది బాగానే గుండ్రం.

నవంబర్ 17

నెక్ రిమ్ముకు ఆనే చోటు. ఈ పరీక్ష అందరూ చేయాలని నా కోరిక, దీనికి ఒక బిల్లు కాగితం చాలు. నెక్ మడమకూ రిమ్ముకూ మధ్య ఆ కాగితాన్ని దోపి చూశాను. పైన మూత దగ్గర దూరలేదు, కింద మాత్రం సగం అంగుళం లోపలికి పోయింది. గుండె జారింది. అక్కడ సందు ఉంటే తీగల లాగుడుకు నెక్ కొంచెం కొంచెంగా ముందుకు వంగుతుంది, తీగల ఎత్తు పెరుగుతుంది, శ్రుతి నిలవదు, ధ్వని కూడా ఆ సందులోనే చచ్చిపోతుంది.

తీగలు వదులు చేసి లోపల చూస్తే రిమ్ముకు అడ్డంగా రెండు ఇనుప కడ్డీలున్నాయి. వాటిని కోఆర్డినేటర్ రాడ్లు అంటారు, నెక్‌ను లోపలినుంచి పట్టుకునేవి అవే. కింది కడ్డీ చివరి నట్టు వేళ్ళతో తిప్పితేనే తిరిగింది. అంటే బిగించనే లేదు. స్పానర్‌తో బిగించి, తీగలు ఎక్కించి, మళ్ళీ కాగితం పెట్టాను. దూరలేదు. చుట్టూ నాలుగు చోట్ల చూశాను, ఎక్కడా దూరలేదు.

ఈ కింది కడ్డీ నట్టులతో తీగల ఎత్తు మార్చుకునే అలవాటు కొందరికుంది. ఒకవైపు వదులు చేసి ఇంకోవైపు బిగిస్తే రిమ్ము రవ్వంత సాగి నెక్ కోణం మారుతుంది. చిన్న సవరణకైతే సరే. ఎత్తు బాగా ఎక్కువైతే బ్రిడ్జి మార్చుకోవాలి తప్ప, దీంతో రిమ్మును కోడిగుడ్డులా సాగదీయకూడదు.

నవంబర్ 20

నెక్ వంపు చూడ్డానికి ఫీలర్ గేజ్, అంటే సన్నటి సందులు కొలిచే పలుచటి రేకులు, కావాలి. వీధి చివర బండ్ల మెకానిక్ అన్న దగ్గర ట్యాపెట్ సెట్ చేసేది ఉంది, ఒక రోజు అడిగి తెచ్చుకున్నాను. మొదటి మెట్టు మీద కేపో (తీగలను నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, నెక్ రిమ్మును కలిసే చోట తీగ నొక్కి, ఏడో ఎనిమిదో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య సందు చూడాలి. 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు ఉంటే బాగుంటుంది. నాది 0.6. తీగలు కాస్త వదులు చేసి, అలెన్ కీతో ట్రస్ రాడ్‌ను, అంటే నెక్ లోపల వంపును సరిచేసే కడ్డీని, పావు చుట్టు కుడికి తిప్పి, చెక్క సర్దుకోవడానికి ఒక రాత్రి వదిలేశాను. పొద్దున 0.3. తిప్పగానే మాట విందంటే రాడ్ పనిచేస్తోందని అర్థం, చవక వాద్యాల్లో రాడ్ పనిచేయడమే పెద్ద సంగతి.

మెలి లేదు. తల వైపు నుంచి ఒక కన్ను మూసి చూస్తే నట్, చివరి మెట్టు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయి.

తొమ్మిదో మెట్టు మాత్రం ఒక చివర లేచింది. పాత ఏటీఎం కార్డు అంచును మూడు మెట్ల మీద నిలబెట్టి ఊపితే టకటకమంది. మెట్టు చెక్కలోంచి పైకి వచ్చింది, అంతే. చెక్కముక్క అడ్డం పెట్టి చిన్న సుత్తితో నెమ్మదిగా కొట్టి, అంచున ఒక చుక్క ఫెవిక్విక్ వదిలి, పది నిమిషాలు నొక్కి పట్టుకున్నాను. టకటక ఆగిపోయింది.

వాపసు గడువు ఇంకా ఉంది. పంపడం లేదు, కుడివైపు జాబితా అంతా సరిపోయింది.

నవంబర్ 30

ఇవాళ మామ వచ్చాడు. మామ ఇక్కడి వేంకటేశ్వర సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకున్నవాడు, నలభై ఏళ్ళుగా కచేరీల్లో, భజనల్లో వాయిస్తున్నాడు. మంచం మీద రెజొనేటర్ లేకుండా పడున్న వాద్యాన్ని తిప్పి చూసి అడిగాడు.

"ఏం అమ్మణ్ణీ, ఇది తంబురా జాతా, మృదంగం జాతా?"

"రెండూ మామా. కింద నీది, పైన నాది."

"అట్లయితే కింద ముందు సరిచెయ్. కింద శ్రుతి లేకపోతే పైన నువ్వేం వాయించినా దండగే."

నిజానికి మూత పని రేపు మొదలుపెట్టాలని ఫోన్‌లో ట్యూనర్ కూడా దింపుకుని ఉన్నాను. మామ ఫోన్ అడగలేదు. బ్రిడ్జి తీయించి, మూత అంచునుంచి అంగుళం లోపల, ఒక్కో హుక్కు పక్కన చూపుడువేలితో తట్టుకుంటూ చుట్టూ తిరిగాడు. మూడు చోట్ల ఆగి, "ఇక్కడ దిగి ఉండాది చూడు" అన్నాడు. నేను ఫోన్ పెట్టి చూశాను. ఒకచోట 392 హెర్ట్జ్ దగ్గర మోగుతుంటే, ఆయన చూపించిన చోట 350 లోపల ఉంది. ఒకే మూత మీద అంత తేడా ఉంటే మొన్న విన్న గులకరాళ్ళ చప్పుడు రాక ఏం చేస్తుంది?

మృదంగం కుడివైపు కూడా ఇంతే కదా. అంచు చుట్టూ ఏ చోట తట్టినా ఒకే శ్రుతి పలకాలి, దిగిన చోట రాయీ కొయ్యముక్కా పెట్టి అంచును కొడతారు, ఎక్కినచోట కిందినుంచి పైకి కొట్టి దించుతారు. ఇక్కడ రాయి బదులు హుక్కు రెంచి. తోలు వార్ల బదులు ఇనుప హుక్కులు. మూత కూడా తోలు కాదు, 1950ల చివర్లో డ్రమ్ములకు వచ్చిన మైలార్ అనే పాలియెస్టర్ పొర. తోలైతే ఈ వానకు ఈపాటికి అప్పడంలా మెత్తబడి ఉండేది. జాతరలో పలకలు వాయించేవాళ్ళు మంట వేసి పలక కాచుకుంటారే, అది ఆ తేమను తరమడానికే.

ఎదురెదురు హుక్కులు జతలుగా పట్టుకుని, ఒక్కోటి ఎనిమిదో వంతు చుట్టు కంటే ఎక్కువ తిప్పకుండా రెండు గంటలు కూర్చున్నాం. ఒక్కచోటే బలంగా బిగిస్తే మూత పక్కకు లాగి పగిలిపోతుంది, ఇది తొందరపడే పని కాదు. పందొమ్మిదో హుక్కు దగ్గర నట్టు ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంది, మర అరిగిపోయింది. దిగి ఉన్న మూడు చోట్లలో ఒకటి సరిగ్గా అదే. నట్టు విప్పి జేబులో వేసుకున్నాను.

డిసెంబర్ 2

నట్టు కోసం నాలుగు హార్డ్‌వేర్ అంగళ్ళు తిరిగాను. మూడింటిలో మర కలవలేదు. నాలుగో అంగట్లో పెద్దాయన డబ్బాలన్నీ కుమ్మరించి, ఒక్కొక్కటే హుక్కుకు పట్టించి, చివరికి ఒకటి పట్టేదాకా వదల్లేదు. ఐదు రూపాయలు. ముందు జాగ్రత్తగా ఆరు తెచ్చుకున్నాను.

మూత అన్నిచోట్లా జీ దగ్గర, 390 చుట్టూ, నిలిచింది. పైన జీ షార్ప్‌కు, 415 దాకా, ఎక్కించి కూడా విన్నాను. ఐదు తీగలదానికి అది బాగుండొచ్చు, ఇక్కడ కింది రెండు తీగలు సన్నగిల్లిపోయాయి. ఎఫ్‌కు దించితే బ్రిడ్జి కింద మూత గుంట పడి తీగలు మెట్లకు తగులుతున్నాయి. జీ నాకు నచ్చింది. మామకు జీ కంటే రవ్వంత కింద నచ్చింది, ఆయన చెవిని కాదనలేను గానీ వాయించేది నేను.

డిసెంబర్ 8

నట్. ఇది హుక్కు నట్టు కాదు, తల దగ్గర తీగలు కూర్చునే తెల్ల ప్లాస్టిక్ ముక్క. మూడో మెట్టు మీద తీగ నొక్కినప్పుడు మొదటి మెట్టుకూ తీగకూ మధ్య కాగితం మందం సందుండాలి. నాకు ఐదు, ఆరు తీగల దగ్గర విజిటింగ్ కార్డు దూరుతోంది. ఎఫ్ కార్డు పడితే వేలు నొప్పి, స్వరం కూడా పైకి పోతోంది. చాలామంది ఇక్కడే "చవక వాద్యం, చేతులు నొప్పి" అని పక్కన పడేస్తారు. పాత గిటార్ తీగల్లో జరీ చుట్టినట్టుండే లావు తీగను తీసుకుని, ఆకురాయి లాగా గాడిలో ముందుకూ వెనక్కూ రాశాను. పది రాపుళ్ళకు ఒకసారి కొలుస్తూ పోయాను, ఎక్కువ తగ్గితే మళ్ళీ పెంచలేం. గంట పట్టింది.

బిరడలు పర్వాలేదు. నాలుగోది ఒక్కటి తిప్పినప్పుడు మొదట కాసేపు ఊరికే తిరిగి తర్వాత పట్టుకుంటుంది. కింద నుంచి పైకి శ్రుతి చేస్తే నిలుస్తోంది, వదిలేశాను.

డిసెంబర్ 15

బ్రిడ్జి గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే సమస్యలో సగం అక్కడే ఉంది.

గిటార్ వాళ్ళు ఇక్కడే తికమక పడతారు. బాంజో బ్రిడ్జిని అతికించరు, మూత మీద తీగల బరువుతోనే నిలబడుతుంది, చేత్తో జరపొచ్చు. పెట్టెలో వచ్చినప్పుడు అది ఎక్కడ నిలబడితే అదే దాని స్థానం అనుకుని వాయిస్తే ఏ కార్డూ శ్రుతిలో ఉండదు. పన్నెండో మెట్టు మీద తీగను తాకీ తాకనట్టు తాకి మీటితే వచ్చే స్వరం, అదే మెట్టు మీద నొక్కితే వచ్చే స్వరం ఒకటయ్యేదాకా జరపాలి. స్వరం పైకి ఉంటే బ్రిడ్జిని వెనక్కి, కిందికి ఉంటే ముందుకు.

జరిపితే సన్నటి ఈ తీగ సరిపోయింది, లావు ఈ తీగ 14 సెంట్లు పైన ఉంది. పక్కపక్క స్వరస్థానాల మధ్య 100 సెంట్లనుకుంటే, 14 అంటే చెవికి బాగా తెలిసే తప్పు. లావు తీగ బిరుసుగా ఉంటుంది, నొక్కినప్పుడు సాగి స్వరం ఎక్కువ పెరుగుతుంది, అందుకని దానికి కొంచెం ఎక్కువ పొడవు ఇవ్వాలి. గిటార్‌లో బ్రిడ్జి మీది ఎముక ముక్క ఏటవాలుగా ఉండేది ఇందుకే. ఇక్కడ తిన్నగా ఉన్న బ్రిడ్జి ఇచ్చారు. లావు తీగ వైపు 4 మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే 14 కాస్తా 3కు వచ్చింది. ఒక్క పైసా ఖర్చు లేదు. పెన్సిల్‌తో మూత మీద రెండు చుక్కలు పెట్టుకున్నాను, తీగలు మార్చేటప్పుడు బ్రిడ్జి పడిపోయినా చోటు తెలియడానికి.

కానీ ఆ బ్రిడ్జి చెక్కే మంచిది కాదు. దానికి మూడు కాళ్ళు, నడిమి కాలు మూతకు ఆనడం లేదు, కాగితం దూరుతోంది. నా కాగితం పరీక్ష అన్నిచోట్లా పనికొస్తోంది.

మామకు చెప్పాను. ఆయన అటక మీద పగిలిన మృదంగం కట్టె ఒకటుంది, పనస చెక్క, ముప్పై ఏళ్ళ నాటిది. దాంట్లోంచి అరచేతి పొడవు ముక్క కోసి ఇచ్చాడు. ఇస్తూ ఇస్తూ ఆ ముక్కను వేలితో తట్టి విన్నాడు.

జనవరి 4

ఏర్పేడు దగ్గర మాధవమాలకు వెళ్ళాను. దేవుడి బొమ్మలు చెక్కే ఊరు. నేను వెళ్ళిన ఇంట్లో అన్నకు బాంజో ఏమిటో తెలియదు, వీణ గుర్రం లాంటిదని చెప్పి పాత బ్రిడ్జి చూపించాను. పనస ముక్కతో ఒళ్ళు, తీగలు కోసుకుపోకుండా పైన సన్నటి రోజ్‌వుడ్ పట్టీ, పై అంచు లావు తీగ వైపుకు ఏటవాలుగా. కాళ్ళు మూతకు సరిగ్గా కూర్చోవాలంటే చదునైన అద్దం మీద గరుకు కాగితం పరిచి దానిమీద రాయాలని నేను చెబుతుండగానే ఆయన అదే పని మొదలుపెట్టాడు. 300 అడిగాడు, 400 ఇచ్చాను.

ఎర్రచందనం ఊసు ఎత్తలేదు, అది చట్టం కాపలాలో ఉన్న చెక్క. కానీ అక్కడ కూర్చున్నంతసేపూ ఒకటే తలపు. మన శేషాచలం చెక్కను జపాన్‌లో షమిసెన్ కాడలకు ఎంతో విలువగా వాడతారు, ఆ షమిసెన్ కూడా ఇట్లాగే మూత మీద తీగలు లాగిన వాద్యమే.

ఊళ్ళోకి వచ్చాక నగల అంగట్లో రెండు బ్రిడ్జిలూ తూకం వేయించాను. పాతది 3.4 గ్రాములు, కొత్తది 2.6. తేలికైన బ్రిడ్జి తీగ కదలికను మూతకు త్వరగా అందిస్తుంది, ధ్వని స్పష్టంగా వస్తుంది, కాకపోతే త్వరగా ఆగిపోతుంది.

జనవరి 5

రాత్రి పదింటికి పెట్టాను. మొదటి సారి ఆరు తీగలూ ఆరు స్వరాలుగా వినిపించాయి. అమ్మ మళ్ళీ వచ్చింది, ఈసారి కుర్చీలో కూర్చుంది.

ఫిబ్రవరి 9

నెల రోజులు వాయించాక కొన్ని సంగతులు తెలిశాయి. వీటిని వాద్యం తప్పుల కింద రాయకూడదు.

గిటార్ లాగా ఆరు తీగలూ ఒకేసారి గీస్తే ముద్ద అవుతుంది. పలుచటి మూత తీగ శక్తిని గభాలున తాగేసి పెద్దగా పలికి ఆగిపోతుంది. నా గిటార్ మీద డీ తీగ మీటితే ఎనిమిది సెకన్లు వినిపిస్తుంది, దీని మీద రెండు సెకన్లు దాటదు. గిటార్‌లో మోత నిలిచి ఉంటుందని నమ్మి వదిలేసే ఖాళీలను ఇక్కడ వేళ్ళతో నింపాలి. మూడు తీగల చిన్న కార్డులు, విడివిడిగా మీటడం, కింది రెండు తీగలను అవసరమైనప్పుడే తాకడం. సెంట్ సిర్ రికార్డులు మళ్ళీ విన్నాను, ఆయన కార్డును పొట్టిగా కొట్టి వదిలేస్తాడు, తాళానికి గజ్జె కట్టినట్టుంటుంది.

మోత మరీ ఎక్కువైతే మూతకూ కోఆర్డినేటర్ రాడ్‌కూ మధ్య, నెక్ వైపున, చిన్న గుడ్డ మడత దోపితే సర్దుకుంటుంది. మొదటి రోజు విన్న గణగణ టెయిల్‌పీస్‌ది, అంటే తీగల చివరలు పట్టుకునే రేకుది. బ్రిడ్జికీ టెయిల్‌పీస్‌కూ మధ్య తీగల్లో ఉన్ని గుడ్డ పేలిక అల్లాను, పోయింది. ఆ టెయిల్‌పీస్ రేకు పలుచనిది, ఈ వాద్యంలో నాకు నిజంగా నచ్చని భాగం అదొక్కటే. తీగలు 10–46 మందం సెట్టు, 650 రూపాయలు. గుండు ఉన్న గిటార్ తీగలే దీనికి పడతాయి.

మూత రెండుసార్లు దిగింది. కొత్త మూత కొన్ని వారాలు సాగుతూనే ఉంటుంది, నెలకొకసారి చుట్టూ తట్టి చూసుకోవాలి. ఇప్పుడు ఫోన్ లేకుండా నేనే పట్టేస్తున్నాను.

మార్చి 22

చిత్తూరులో ఉండే మా చిన్నాన్న కొడుకు నాది చూసి అదే మోడల్, అదే చోటినుంచి తెప్పించుకున్నాడు. "అక్కా, పూలు నీదానికంటే బాగున్నాయి" అని ఫోటో పంపాడు. బస్సెక్కి వెళ్ళాను, స్టీలు స్కేలు, బిల్లు కాగితం, ఏటీఎం కార్డు సంచిలో వేసుకుని.

మెట్ల దూరాలు సరిగ్గా ఉన్నాయి. రిమ్ము కొలిస్తే 280, 276.5, 278. ఇది గుండ్రం కాదు. తలవైపునుంచి చూస్తే నట్‌కూ చివరి మెట్టుకూ పొత్తు లేదు, నెక్ లావు తీగ వైపుకు మెలి తిరిగింది. ట్రస్ రాడ్ వంపును సరిచేస్తుంది, మెలిని సరిచేయలేదు. విచిత్రం ఏమిటంటే, పెట్టెలోంచి తీసిన రోజు నాదానికంటే వాడిదే బాగా పలుకుతోంది. మూత ఎవరో సమంగా బిగించారు, బ్రిడ్జి సరైన చోటే ఉంది. వాడు అదే పట్టుకున్నాడు.

"బాగానే పలుకుతా ఉంది కదక్కా. నీది మొదటి రోజు దీనికంటే అధ్వానంగా ఉండె కదా?"

"ఉండె. నాదాంట్లో చెడ్డవన్నీ నేను మార్చగలిగినవి నాయనా. దీంట్లో చెడ్డవి నువ్వూ మార్చలేవు, నేనూ మార్చలేను."

మొహం చిన్నబోయింది, నాకూ బాధేసింది. పదమూడో మెట్టు పైన లావు తీగ నొక్కి చూపించాను, జర్రుమంది. తీగల ఎత్తు పెంచితే కింది మెట్ల దగ్గర వేళ్ళు నొప్పి. రెండు నెలల్లో ఎండలు ముదిరాక ఇంకా తిరుగుతుంది. వాపసు పెట్టమన్నాను. అమ్మినవాళ్ళు మొదట ఒప్పుకోలేదు, కొలతలు రాసి, స్కేలు పెట్టి తీసిన ఫోటోలు పంపాక ఒప్పుకున్నారు. అంకెలు లేకుండా బాగాలేదు అని మాత్రమే రాసుంటే ఒప్పుకునేవాళ్ళు కారేమో.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ ధరలో ఒక మోడల్ బాగుంది, బాగాలేదు అని చెప్పడానికి కుదరదు. మన చేతికొచ్చిన ఆ ఒక్క ముక్క గురించే చెప్పగలం. నా దగ్గరున్నది బాగుంది కాబట్టి కొనండి అని వాడికి చెప్పినందుకు నాదే తొందరపాటు.

ఏప్రిల్ 19

బయట 41 డిగ్రీలు. నెక్ సందు కొలిచాను, 0.25. మూత 388. రిమ్ము చెక్క ఎండి రెండు హుక్కులు వదులయ్యాయి, వేలితో తిప్పినా తిరుగుతున్నాయి, బిగించాను. నెక్ దగ్గర కాగితం దూరలేదు. తొమ్మిదో మెట్టు నిలిచే ఉంది.

ఇప్పటిదాకా పెట్టిన ఖర్చు: తీగలు 650, నట్టులు 30, బ్రిడ్జి 400, మాధవమాల బస్సు ఛార్జీలు. రెంచి పెట్టెలోనే వచ్చింది.

మే 10

గంగమ్మ జాతర. తాతయ్యగుంట వైపునుంచి పంబలు, పలకలు రాత్రంతా వినిపిస్తున్నాయి. సందు మొదట్లో కుర్రాళ్ళు కాగితాలు వేసి మంట చేసి పలక కాచుకుంటున్నారు, ఒకడు కాచి తట్టి, మళ్ళీ కాచి తట్టి, మూడోసారికి తల ఊపాడు.

చిన్నాన్న కొడుక్కి మారుముక్క వచ్చింది. నేను వెళ్ళకముందే వాడే కొలిచి పంపాడు: 279, 279, 278.5. నెక్ తిన్నగా ఉంది. కాగితం దూరలేదు. మూత మాత్రం ఒకవైపు బాగా దిగి, డబ్బా లాగా పలుకుతోందట.

శనివారం చిత్తూరు నుంచి తీసుకొస్తానన్నాడు. మామకు చెబితే, హుక్కు రెంచి తన సంచిలో వేసుకున్నాడు.